రత్ని, అరత్ని

“అది కాదు, ఆయన. మళ్ళీ చెప్పు,” అన్నారు టీచరు.

“ఆయన... ఆయన మెడ కింద అడ్డంగా ఉన్నది జత్రుక,” అంది ఆ పిల్ల, చూపు నేలమీద నుంచి ఎత్తకుండా.

“నేలమీద ఏ ఎముకా లేదమ్మా. ఇటు చూడు.”

ఇటు అంటే బయాలజీ ల్యాబులో కిటికీ పక్కన కొక్కేనికి వేలాడుతున్న అస్థిపంజరం వైపు. ఆ పిల్ల తలెత్తింది. పుస్తకంలో బొమ్మైతే నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. దీని ముందు నిలబడితే మాత్రం నాలుక పిడచకట్టుకుపోతుంది. కిందటేడు ప్రాక్టికల్ పరీక్షలో అలాగే కొయ్యబారిపోయి, ఒక్క ముక్కా చెప్పలేక ఏడుస్తూ బయటికొచ్చింది. ఆ ఒక్క సబ్జెక్టే పోయింది. ఈసారీ పోతే నర్సింగు చదువు మాట మరిచిపోవాల్సిందే.

“ఎముకలంటే హడలిపోయే నర్సువి. రోగికి నువ్వు సూది వేస్తావా, రోగే నీకు వేస్తాడా?” అని ఇంట్లో అన్నయ్య ఒకటే వేళాకోళం. అమ్మే టీచరు దగ్గరికెళ్ళి బతిమాలుకుంది. “బడి అయ్యాక రోజూ పంపించండి. మేం చూసుకుంటాం,” అన్నారట టీచరు. ఆ ‘మేం’ ఎవరో అమ్మకి అర్థం కాలేదు.

టీచరు గురించి పిల్లలు గుసగుసగా చాలా చెప్పుకునేవాళ్ళు. ఆ అస్థిపంజరం వచ్చినప్పటి నుంచీ ఆవిడ సాయంత్రాలు ఇంటికి ఆలస్యంగానే పోతారని. అది ప్లాస్టిక్కుది కాదని, నిజం మనిషిదని. ఎవరిదని అడిగితే హెడ్మాస్టరు మాట మార్చేసేవారు. ఒకసారి ఎవడో తుంటరి దాని నెత్తిన టోపీ పెట్టి, పళ్ళ మధ్య సుద్దముక్క సిగరెట్టులా దూర్చాడు. టీచరు వాణ్ణి తిట్టలేదు, కొట్టలేదు. టోపీ తీసి, సుద్దముక్క తీసి, తన రుమాలుతో ఆ పళ్ళు మెల్లగా తుడిచారు. తిట్టినా బాగుండేది అనుకుంది క్లాసంతా.

మర్నాడు ఆ పిల్ల కాస్త ముందే వచ్చింది. ల్యాబు తలుపు ఓరగా వేసి ఉంది. లోపల టీచరు ఎవరితోనో మాట్లాడుతున్నారు.

“ఎండ మొహం మీద పడుతోందా? తెర వేసేస్తాను.” కాసేపు చప్పుడు లేదు. తర్వాత చిన్న నవ్వు. “తొందరేముంది, నేర్చుకుంటుంది లెండి.”

ఆ పిల్ల తలుపు తోసింది. టీచరు తప్ప లోపల నరమానవుడు లేడు. నిన్న గోడకేసి తిరిగి ఉన్న అస్థిపంజరం ఇవాళ గుమ్మంకేసి చూస్తోంది.

“ఎవరితో మాట్లాడుతున్నారు టీచర్?”

“నీ గురించే అనుకుంటున్నాం. రా.”

వెనక్కి తిరిగి పరిగెత్తాలనిపించింది. కిందటేడు అమ్మ మొహం గుర్తొచ్చి ఆగిపోయింది.

“ఇవాళ చెయ్యి పట్టుకో,” అన్నారు టీచరు.

“నా వల్ల కాదు టీచర్.”

“చదివి నేర్చుకునేదంతా నేర్చేసుకున్నావు. ఇక పట్టుకుని నేర్చుకోవాల్సిందే మిగిలింది. ఆయన నిన్నేం చేస్తారు? చదువు చెప్పడం తప్ప ఆయనకింకేం చేతకాదు.”

టీచరే ఆ పిల్ల చేతిని తీసుకెళ్ళి ఆ ఎముకల కుడిచేతిలో పెట్టారు. చల్లగా ఉంటుందనుకుంది. గోరువెచ్చగా తగిలింది. ఉలిక్కిపడి లాక్కోబోతే, “ఇందాకటి ఎండ,” అన్నారు టీచరు. సన్నని వేళ్ళు ఒకదానికొకటి తగిలి కలుక్కుమన్నాయి. ఎవరో తిరిగి తన చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది.

“ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక?”

“రత్ని.”

“చిటికెనవేలి వైపుది?”

“అరత్ని.”

ఈసారి మాట వచ్చింది.

అప్పట్నించీ పాఠం ఆ చెయ్యి పట్టుకునే మొదలయ్యేది. పాత భయం తగ్గుతూ వచ్చింది. దాని చోట ఇంకేదో మొదలైంది. టీచరు అడగడం పూర్తికాకముందే జవాబు నోటికొచ్చేసేది, పక్కనుంచి ఎవరో అందిస్తున్నట్టు. ఆ సంగతి ఇంట్లో చెబితే అన్నయ్య ఈసారి నవ్వలేదు. “ఇక ఆ గదికి ఒక్కదానివే పోకు,” అన్నాడు.

పరీక్షకి వేరే బడి నుంచి ఎగ్జామినరు వచ్చాడు. కళ్ళద్దాల పైనుంచి చూసే మనిషి. టీచరు నోరు మెదపకూడదు గనక దూరంగా నిలబడ్డారు. ఎగ్జామినరు పెన్సిలు కొనతో ఒక్కో ఎముకనీ చూపిస్తుంటే ఆ పిల్ల తడుముకోకుండా చెప్పుకుపోయింది. చివర్లో పెన్సిలు ఎడమ మణికట్టు దగ్గర ఆగింది.

“ఇక్కడేదో బుడిపెలా ఉంది. ఏమిటిది?”

ఆ చెయ్యి ఆ పిల్ల ఎప్పుడూ ముట్టుకోలేదు. పాఠంలోనూ లేదు. ఎవరూ చెప్పకుండానే వేళ్ళు వెళ్ళి ఆ బుడిపెని తడిమాయి.

“రత్ని విరిగి అతుక్కుందండి. కిందపడుతూ అరచెయ్యి ఆనించినట్టున్నారు.”

“ఉన్నారా? ఎముకలకి కూడా మర్యాదేనా?” ఎగ్జామినరు నవ్వి, మార్కులు వేశాడు. “బాగా చెప్పావు. వెళ్ళమ్మా.”

అందరూ వెళ్ళిపోయాక ఆ పిల్ల మళ్ళీ ల్యాబుకి వచ్చింది. టీచరు మెత్తని గుడ్డతో పక్కటెముకలు ఒక్కొక్కటే తుడుస్తున్నారు.

“టీచర్, ఆ చివరిది ఊరికే తోచి చెప్పేశాను. తప్పేమో.”

“తప్పు కాదు. కిందపడే విరిగింది.”

ఆ పిల్ల ఆ బుడిపె వైపు చూసింది. “మీకెలా తెలుసు?”

టీచరు గుడ్డ మడిచి పక్కన పెట్టారు. ఆ ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

“మా ఆయనకి సైకిలు ఎప్పుడూ సరిగ్గా రాలేదు.”