అల్లుడి కొలత

"ఈసారి చొక్కా సరిపోకపోతే నేను పీటల మీద కూర్చోను నాన్నా!"

నూజివీడులో బట్టల షాపు మెట్లెక్కుతూనే తేజస్వి తండ్రికి తేల్చి చెప్పేసింది.

బసవపున్నారావు పైకి నవ్వాడు గానీ, లోపల గుబులుగానే ఉంది.

విస్సన్నపేట చుట్టుపక్కల మామిడి తోటల బేరాల్లో ఆయన మాటే వేదం. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగితే చాలు, ఎంత కాపు దిగుతుందో చెప్పేస్తాడు. ఆ ధీమాతోనే నిశ్చితార్థానికి కాబోయే అల్లుడి చొక్కా కూడా కంటిచూపుతోనే కొనేశాడు.

అల్లుడు కృష్ణకాంత్ పెద్దల కాళ్ళకి దండం పెట్టబోయాడో లేదో, వీపు మీద కుట్టు పర్రుమంది. వియ్యపురాలు కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. తేజస్వికి ఏడుపొక్కటే తక్కువ.

చెట్టంత అల్లుడికి మొక్కంత చొక్కా తెచ్చాడని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

"పోనీ, అతన్నే సైజు అడగలేకపోయావా అమ్మా?"

"అడిగాను. నలభై అన్నారు. ఆ రోజు చిరిగిందీ నలభయ్యే!"

అల్లుడేమో చెన్నైలో ఉన్నాడు, రేపు రాత్రికి గానీ రాడు. కోతల హడావిడిలో ఈ పని చివరికి మిగిలిపోయింది. పెళ్ళి ఎల్లుండే.

ముహూర్తాల రోజులు కావడంతో పట్టుచొక్కాలన్నీ ఊడ్చుకుపోయాయి.

"మీగడ రంగుది ఒక్కటే ఉందండీ. అదీ ఆయన వేసుకుని చూసుకుంటున్నారు" అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి.

అద్దం ముందు ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. తేజస్వి తండ్రి చెయ్యి పట్టుకుని గుంజింది.

"నాన్నా, వెనక నుంచి చూడు! అచ్చం ఆయనే!"

బసవపున్నారావుకి ప్రాణం లేచొచ్చింది.

"అబ్బాయ్! ఒకసారి ఇటు తిరుగు."

తిరిగాడు. ఎండకి కమిలిన మొహం, చేతుల నిండా మామిడి సొన మచ్చలు. కాయ కోతకి వెళ్ళే మనిషని చూడగానే తెలిసిపోయింది.

"మా అల్లుడు నీ అంతే ఉంటాడయ్యా. కాస్త సాయం చెయ్యి. చేతులు పైకెత్తు."

ఎత్తాడు.

"వంగి దండం పెట్టు."

"ఎవరికండీ?"

"నాకే పెట్టవయ్యా, పుణ్యం ఊరికే పోదు!"

నవ్వుతూ వంగాడు. కుట్టు కదల్లేదు.

"పీటల మీద కూర్చున్నట్టు కూర్చో."

అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"తలంబ్రాలు పొయ్యి!"

సిగ్గుపడుతూనే దోసిలెత్తి గాల్లో తలంబ్రాలు పోశాడు. షాపులో వాళ్ళంతా పగలబడి నవ్వారు. చొక్కా మాత్రం ఎక్కడా బిగుసుకోలేదు, జారలేదు.

"ఇదే నాన్నా! ఇదే సైజు!" తేజస్వి చప్పట్లు కొట్టింది.

అప్పుడు గానీ బసవపున్నారావుకి అసలు సంగతి గుర్తుకు రాలేదు.

"ఇది నువ్వు తీసుకుందామనుకున్నావా అబ్బాయ్?"

"అవునండీ. ఎల్లుండి పెళ్ళికెళ్ళాలండీ."

"పెళ్ళికెళ్ళేవాడికి ఏ చొక్కా అయితే ఏంటయ్యా! అందరూ చూసేది పెళ్ళికొడుకుని కదా?"

కుర్రాడు అద్దంలో ఒకసారి చూసుకున్నాడు. తర్వాత తేజస్వి మొహంలోకి చూశాడు. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

"అదీ నిజమేనండీ" అన్నాడు. "మెట్ల దగ్గర అమ్మాయిగారు అంటుంటే విన్నానండీ. పెళ్ళికూతురు పీటల మీద నవ్వుతా కూర్చోవాలండీ. నేను ఇంకోటి చూసుకుంటాలెండి."

ఒక్కో గుండీ జాగ్రత్తగా విప్పి, చొక్కా మడత పెట్టి మరీ ఇచ్చాడు.

"మంచోడివయ్యా!" అంటూ భుజం తట్టి, బసవపున్నారావు బిల్లు కౌంటర్ వైపు పరుగెత్తాడు. పేరైనా అడగలేదు.

పెళ్ళినాడు చొక్కా కృష్ణకాంత్‌కి అతికినట్టు సరిపోయింది. వియ్యపురాలు ఎంత వెతికినా వంక దొరకలేదు. పీటల మీద తేజస్వి మొహం చూసి బసవపున్నారావు కడుపు నిండిపోయింది. "చూశారా మన ఎంపిక!" అని కనిపించిన వాళ్ళందరి దగ్గరా మీసం తిప్పాడు.

అప్పగింతలయ్యాక కొత్త దంపతుల్ని వియ్యాలవారింట్లో దిగబెట్టడానికి కారు మైలవరం రోడ్డెక్కింది. సగం దారిలో, తోటల మధ్య, ఒక ట్రాక్టరు అడ్డంగా ఆగి ఉంది. దాని ముందు డప్పులు, చిందులు, ఈలలు.

బసవపున్నారావు కారు దిగాడు.

"దారివ్వండయ్యా! పెళ్ళివారం, పొద్దుపోతోంది!"

"ఒక్క నిమిషం ఓపిక పట్టండి బాబుగారూ, మాదీ పెళ్ళే!" అన్నాడు డప్పు కొట్టేవాడు నవ్వుతూ.

"అల్లుడుగారికి చొక్కా సరిపోయిందాండీ?" ట్రాక్టరు మీద నుంచి ఎవరో ఆప్యాయంగా పలకరించారు.

బసవపున్నారావు తలెత్తి చూశాడు.

నుదుట బాసికంతో, ఎంత మడిచినా చేతులు వేళ్ళ మీదికి జారిపోతున్న వదులు చొక్కాలో, కొత్త పెళ్ళికూతురి పక్కన వెలిగిపోతూ కూర్చున్న పెళ్ళికొడుకు అతనే.