నీళ్లలో పాట

నల్లటి తీగలాంటిదొకటి మెడ వెనక నుంచి చెవుల మీదుగా తగిలించుకుని, దాంతోనే స్విమ్మింగ్ పూల్‌లోకి దిగిపోయింది ఆవిడ.

"అయ్యో, కరాబైతది!" అని అరిచింది మంజులత.

ఆవిడ తల తిప్పి నవ్వింది.

"ఏం కాదమ్మాయ్. నీళ్లలో పాటలు వినడానికే ఇది."

అని చెప్పి, చప్పుడు లేకుండా ఈదుకుంటూ అవతలి గట్టుకి వెళ్లిపోయింది.

అంతే. మంజులతకి కడుపు మండిపోయింది.

నీళ్లలో పాటలట! ఎంత సోకు!

మంజులత జూనియర్ ఆర్టిస్టు. కృష్ణానగర్‌లో ఇరుకు గది. సినిమా పెళ్లిళ్లలో వెనక వరసలో నిలబడి అక్షింతలు వేసే మనిషి. కానీ ఊళ్లో బావిలో నేర్చిన ఈత ఉంది. ఇప్పుడో పెద్ద సినిమాలో హీరోయిన్ నీటి అడుగున ఈదాలి, దానికి డూప్ కావాలి. ఫైట్ మాస్టర్ బాలనర్సయ్య ఈ జూబ్లీహిల్స్ పూల్‌లో మాట్లాడిపెట్టి, "మంచిగ ప్రాక్టీస్ జెయ్యి, వచ్చే వారం జూస్త" అన్నాడు.

ఆ పని దొరికిందా, వెనక వరస నుంచి బయటపడ్డట్టే.

మధ్యలో ఈ మహాతల్లి ఎవరు? నలభై దాటిన మనిషికి ఆ ఈతేమిటి, ఆ ఒడుపేమిటి!

మర్నాడు బట్టలు మార్చుకునే గది చూసుకునే కొమురమ్మ పక్కన గట్టు మీద కూలబడింది మంజులత. రెండడుగుల దూరంలో ఆవిడ కుర్చీలో వాలి, కళ్లు మూసుకుని ఉంది. చెవుల దగ్గర అదే తీగ.

"ఎవలక్కా గామె?"

"ఏమో బిడ్డా, కొత్తగ వస్తున్నది."

"సాఫ్ట్‌వేరే అయ్యుంటది. సోకులు జూస్తె తెలుస్తలేదా? గీళ్లొచ్చినంకనే మా గల్లీల కిరాయిలు గట్ల పెరిగినయి. గిప్పుడు నీళ్లు గూడ గీళ్లకే కావాల్నా? ముసలి కప్ప!"

"మెల్లగ మాట్లాడు మంజులా, ఇంటది."

"యాడ ఇంటది? చెవులకు గది పెట్టుకున్నంక పక్కల పిడుగు పడ్డా ఇనవడదు."

ఆ ధైర్యంతో ఇంకో నాలుగు మాటలు కలిపింది. ఆవిడ నడకని, నవ్వుని, టోపీని, దేన్నీ వదల్లేదు. కుళ్లంతా కక్కేశాక గొంతు తగ్గిపోయింది.

"నా బాధ నీకొక్కదానికే చెప్తున్న అక్కా. మునిగినంక కండ్లు దెరవాలంటె భయం. గా లోతు గనవడంగనే గుండె జారిపోతది, పైకొచ్చేస్త. మాస్టర్‌కు దెలిస్తె ఒద్దంటడు."

కొమురమ్మ మంజులత వీపు నిమిరింది. కుర్చీలో ఆవిడ కళ్లు తెరవలేదు.

తెల్లారి మంజులత ఈదుతుంటే ఆవిడ పక్కకొచ్చి ఆగింది.

"లోతు చూడకమ్మాయ్. మునిగాక ముందు నీ చేతివేళ్లు చూసుకో. తర్వాత చెయ్యి ముందుకి చాపు. చూపు దాని వెంటే పోతుంది."

"నేనడిగిన్నా మిమ్మల్ని?"

"అడగలేదు" అని నవ్వి వెళ్లిపోయింది ఆవిడ.

పెద్ద పంతులమ్మ! నేను ఈదేది జూసి కనిపెట్టినట్టున్నది! అని పళ్లు నూరింది మంజులత. అయినా ఆవిడ గట్టెక్కే దాకా ఆగి, దొంగలా మునిగి చూసింది. వేళ్లు కనిపించాయి. చెయ్యి చాపింది. భయం రాలేదు.

అందుకూ ఏడుపే వచ్చింది. ఇది కూడా దీనికే తెలియాలా అని.

ఆ మర్నాటి నుంచి ఆవిడ రాలేదు. పీడా పోయింది అనుకుంది మంజులత.

మాస్టర్ ఈత చూశాడు. "ఖాయం పో" అన్నాడు. షూటింగ్ కూడా బాగా జరిగింది. చివరి రోజు బాలనర్సయ్య టీ అందిస్తూ అన్నాడు.

"నీ అదృష్టం మంచిగున్నది పిల్లా. నీతోని కాదేమోనని, గీ పని సీతామహాలక్ష్మికే ఇద్దామని వైజాగ్ నుంచి పిలిపించిన. ఇన్నేండ్లు నీళ్లల్ల హీరోయిన్లకు డూప్ ఆమెనే. పూల్‌ల నిన్ను జూసి, ఈ పని ఆ పిల్లకే ఇయ్యిమని నీ పేరు చెప్పి, ఉత్త చేతులతోని బండెక్కింది."

"ఏ సీతామహాలక్ష్మి?"

"గదే, నీళ్లల్ల పాటలు ఇనుకుంట ఈదుతది జూడు."

పూల్ గట్టు మీద తను అన్న మాటలన్నీ మంజులతకి గుర్తొచ్చాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. ఒక్కటే ఊరట. నయం, నా మాటలు ఆమె ఇన్లేదు!

డబ్బులు చేతికందగానే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్లి, అలాంటి తీగే అడిగింది. ఎంత సిగ్గుపడ్డా ఆ తీగ మీద మోజు పోలేదు మరి.

"ఈతకా మేడం, పరుగుకా?" అన్నాడు షాపతను.

"రెండిట్ల పనికొచ్చేది."

"అయితే చెమటకి మాత్రమే ఆగేవి వద్దు, మునిగినా పాడవనిది తీసుకోండి. బ్లూటూత్ ఒక్కటే ఉన్నదీ వద్దు, నీళ్లలో ఫోన్ అందదు. పాటలు లోపలే నింపుకునేది ఇదిగో."

తగిలించాడు. పాట మొదలైంది. అబ్బ, తల లోపలే ఎవరో పాడుతున్నట్టుంది!

"మెడ దగ్గర బిగుతుగా ఉందా మేడం?"

"లేదు, సరిపోయింది" అని ఆగిపోయింది మంజులత. "గింత పాట నడుస్తుంటె నీ మాట ఎట్ల ఇనవడ్డది?"

"ఇది చెవిలో పెట్టేది కాదు కదా మేడం. పాట చెంప ఎముక మీద నుంచి వినిపిస్తుంది. చెవులు తెరిచే ఉంటాయి. పక్కన గుసగుసలాడినా తెలిసిపోతుంది."

 పాట నడుస్తూనే ఉంది.

"ముసలి కప్ప" అన్నదీ, "కండ్లు దెరవాలంటె భయం" అన్నదీ రెండూ విని, రెండోదానికి మాత్రమే జవాబు చెప్పి వెళ్లిపోయింది సీతామహాలక్ష్మి.