గట్టు మీద పొయ్యి

గోదారి పొంగగానే లంకలో ఇళ్ళన్నీ, ఎప్పటిలాగే, స్తంభాల వెంబడి పైకి తేలాయి. మాణిక్యం పొయ్యి మీద ఎసరైనా తొణకలేదు.

ఇళ్ళకు తేలడం రాని రోజుల్లో, వరదొస్తే ఊరు ఊరంతా ఏటిగట్టెక్కేది. పక్కింటి వరహాలూ తనూ మూడు రాళ్ళు పెట్టి, రెండిళ్ళకూ ఒకే పొయ్యి మీద వండేవాళ్ళు. ఇప్పుడు నీటి వడి తగ్గేదాకా ఎవరూ గడప దాటకూడదు. చేతికి మాత్రం ఆ అలవాటు పోలేదు.

"వదినా, మీకూ కలిపి బియ్యం పోసేసేను!" కిటికీలోంచి కేకేసింది మాణిక్యం.

"నేనూ అందరికీ పులుసెట్టేసేను. ఉండు, గట్టు మీదికి అట్టుకొచ్చేత్తాను," అంటూనే నీళ్ళకవతల వరహాలు నాలుక్కరుచుకుంది.

ఇళ్ళే తేలుతుంటే ఇంకెందుకని, ఆ గట్టును ఎప్పుడో తవ్వేశారు.

ఆ పూట మాణిక్యం, నీళ్ళ మీదుగా వచ్చే పులుసు వాసనతోనే అన్నం తింది.