చెత్త ఫోటో

ఆ పూట ఆ ఇంట్లో అండాలమ్మ ఉంది. తలకు కట్టుతో మంచం మీద ఆమె పెద్దకొడుకు జగన్ ఉన్నాడు. బండి తాళాలు వేలికి తిప్పుకుంటూ చిన్నకొడుకు మహిపాల్ ఉన్నాడు. కొంగు నడుముకు దోపుకుని జగన్ భార్య సౌజన్య ఉంది. గడప దగ్గర, లోపలికి రావాలో వద్దో తెలియక, మేడ మీది గదిలో అక్కతో కిరాయికుండే రమ్య నిలబడి ఉంది.

"లోపల్కి రా పిల్లా! గోడకతుక్కున్న బల్లి లెక్క ఏంది గా నిలబడుడు?" అండాలమ్మ గద్దించింది. "నిన్న పొద్దుగాల దిల్‌సుఖ్‌నగర్ బస్టాపుల ఉన్నవా, లేవా?"

"ఉన్న పెద్దమ్మా. లొల్లి కాకముందే నా బస్సొచ్చింది. ఎక్కిపోయిన."

ఆ లొల్లి సంగతి అప్పటికే చంపాపేట్ గల్లీ అంతా పాకింది. బస్సెక్కే తోపులాటలో జగన్ తన నడుం మీద చెయ్యి వేశాడని కృష్ణకుమారి అనే అమ్మాయి అరిచింది. జనం జగన్‌ను పట్టుకుని కొట్టారు. ఆమె పోలీసు కంప్లెయింట్ ఇచ్చింది. కొట్టినవాళ్లలో ఒక్కరు కూడా సాక్ష్యానికి రాలేదు.

"ఎల్బీనగర్ల చీరల దుకాణంల పనిచేస్తదంట ఆమె," అంది సౌజన్య. కోపంతో ఆమె గొంతు కీచుమంటోంది. "గా దుకాణం ముంగటనే జుట్టు పట్టి గుంజుత. కంప్లెయింట్ వాపస్ తీసుకునేదాంక ఇడిశిపెట్ట. నా మొగుని మీద నిందేస్తదా?"

"నడువు వదినే, బండి తీస్త," అన్నాడు మహిపాల్. "జిందగీల మళ్ల ఎవని మీద నోరు లేవకుంట జేసొద్దాం."

"జర ఆగుర్రి!" అండాలమ్మ చెయ్యెత్తింది. "ఒట్టి చేతులతోని పోతే ఏం ఫాయిదా? ఈ పిల్ల పొద్దున్లేస్తే బస్టాపుల ఫోటోలు దీస్కుంట తిరుగుతది. మన జగన్ ఆమెకు దూరంగ నిలబడ్డ ఫోటో ఒక్కటన్న ఉండదా? గది తీస్కపోయి అందరి మొహాన కొడదాం."

మంచం మీద జగన్ ఇబ్బందిగా కదిలాడు. "చిన్నపిల్లను ఎందుకమ్మా పరేషాన్ జేస్తవ్? పోనియ్యి."

"నువ్వు గింత మెత్తగుంటవు గాబట్టే బిడ్డా, ఎవడువడితె వాడు తంతుండు! తియ్యి పిల్లా ఫోను."

రమ్య ఫోన్ తీసింది. తన ఫోటోలు ఇంకొకరికి చూపించడం ఆమెకు అలవాటు లేదు. రోజూ సాయంత్రం తలుపేసుకుని, ఆ రోజు తీసినవన్నీ ఒక్కొక్కటిగా ముందేసుకుని, తనను తానే నిలదీసుకుంటుంది. ఎక్కడ నిలబడ్డావ్? ఎందుకు తొందరపడ్డావ్? ఇందులో అక్కర్లేనిదేముంది? దొరికిన తప్పును దాచకుండా ఆ ఫోటో కిందే రాసి పెట్టుకుంటుంది.

మహిపాల్ ఫోన్ లాక్కుని పైకి చదవసాగాడు. "పావురాలు. మళ్లీ దూరం నుంచే తీశావ్, పిరికిదానా. పూలమ్మే తాత. తల తెగింది." పకపకా నవ్వాడు. "ఏందే ఇది, తాత తల నరికినవా? ఇంకోటి ఇను వదినే. సీతాఫలాలమ్మే అవ్వ. వెలుగు బాగుంది. ఎడమ అంచున ఎవరిదో చెయ్యి అడ్డమొచ్చి పాడైంది. చెత్త ఫోటో."

"నిన్నటిది ఏదది?" అడిగింది అండాలమ్మ.

"గీ అవ్వదే నిన్నటిది. దీంట్ల అన్న లేడు, ఎవ్వడు లేడు. చెత్తనే, ఆమెనే రాసుకున్నది." ఫోన్‌ను రమ్య చేతుల్లోకి విసిరాడు.

రమ్యకు ఒళ్లు మండింది. చెత్త అని తాను రాసుకుంటే ఒక లెక్క. సరిగ్గా చూడనైనా చూడకుండా వీడు అంటే ఇంకో లెక్క. పంతంగా ఆ ఫోటోను మళ్లీ తెరిచింది. నిన్న ఆ చెయ్యి అడ్డమొచ్చిందని తిట్టుకుందే కానీ, అది అక్కడ ఏం చేస్తోందో చూడలేదు. రెండు వేళ్లతో పెద్దది చేసింది. అవ్వ పక్కకు జరిగిపోయింది. పండ్ల గంప పోయింది. చెయ్యి మిగిలింది.

ఆ చెయ్యి ఒక అమ్మాయి నడుమును గట్టిగా పట్టుకుని ఉంది. ఆ అమ్మాయి మెలికలు తిరిగి దాన్ని విదిలించుకుంటోంది. పట్టుకున్న ఆ చేతి మణికట్టు మీద పచ్చబొట్టు అక్షరాలున్నాయి. రమ్య కూడబలుక్కుని చదివింది. సౌజన్య.

ఏమీ లేదని చెప్పి మేడ ఎక్కేస్తే సరిపోతుంది. కానీ ఇంకాసేపట్లో ఆ అమ్మాయినే నడిబజారులో జుట్టు పట్టి ఈడుస్తారు. రమ్యకు భయం కన్నా కోపం ముందొచ్చింది.

"మీ కొడుకు ఉన్నడు పెద్దమ్మా, దీంట్ల."

అండాలమ్మ ముఖం వెలిగిపోయింది. "జూసినవా, నేను జెప్పలే? దూరంగనే నిలబడ్డడు గదా?"

"దూరంగ లేడు."

జగన్ మంచం మీద నుంచి దూకాడు. "అబద్ధం! గిప్పుడు ఫోన్లల్ల ఏది గావాలంటె గది తయారు జేస్తున్రు!"

అతను ఇంకా ఫోటో చూడనే లేదు.

అందరికన్నా ముందు సౌజన్య ఫోన్ గుంజుకుంది. తన పేరున్న ఆ చేతిని రెప్పవేయకుండా చూసింది. తలెత్తి మొగుడి వైపు చూడలేదు. రమ్యను జబ్బ పట్టుకుని గుంజింది.

"మా ఇంట్ల నిలబడి మా పరువు తీస్తవానే? నడువ్ బయటికి!"

"గట్ల జెప్పు కోడలా! నేలకేసి కొట్టు గా ఫోను!" అండాలమ్మ వెనక నుంచి అరిచింది.

"నాకియ్యి వదినే, నేను జూసుకుంట!" మహిపాల్ కుర్చీని తన్నుకుంటూ వచ్చాడు.

సౌజన్య వినిపించుకోలేదు. రమ్యను గడప దాకా ఈడ్చుకొచ్చి, మెట్ల మీద పడేంత బలంగా బయటికి నెట్టింది. రమ్య నిలదొక్కుకునేలోపే ఫోన్‌ను ఆమె గుప్పిట్లో కుక్కింది.

"ఉరుకు. వీళ్లకన్న ముందు నువ్వు దుకాణంకు, ఆ పిల్ల తానికి పో," అని పళ్ల బిగువున చెప్పి, ఆమె ముఖం మీదే తలుపు మూసి లోపలి నుంచి గడియ వేసింది.