మొదటి వడ్డన

"ఈ అడవి దుంపలు నా పొయ్యి ఎక్కవు," అంటూ ఆవిడ వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ఎదురుగా మట్టి చేతులతో, దుంపల గిన్నెతో భర్త. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు.

"మూడేళ్లు పెంచి ఇవాళ తవ్వాను. ఉడకబెట్టి ఇంత ఉప్పు చల్లడానికి బద్ధకమా?"

"పెంచిందెవరు? నీళ్లు పోసింది నేను. ఎండుటాకులు ఏరి పాదులో కప్పింది నేను. నత్తల్ని పుల్లతో తీసి పారేసింది నేను. మీరు కుర్చీ వేసుకుని చూశారు."

చుట్టపుచూపుగా వచ్చిన చెల్లెలు బల్ల దగ్గర కూర్చుని కిసుక్కున నవ్వింది. "దొరికిపోయారు బావగారూ."

ఇంటికీ ప్రహరీకీ మధ్య, పెద్ద చెట్ల కింద, ఎండ పొడ సోకని నాలుగడుగుల జాగాలో పెరిగాయి ఆ దుంపలు. ఆవిడ గాలికి బట్టలారేసుకునే దండెం అక్కడే ఉండేది. మాస్టారు దాన్ని విప్పేసి పందిరి వేసి, అడవి నుంచి తెచ్చిన తీగ నాటాడు. చెట్ల నీడనే పెరుగుతుందట, దుంప వెన్నలా ఉంటుందట. అప్పటినుంచి ఆవిడ తడిబట్టల బకెట్టు మేడమీదకి మోస్తూనే ఉంది.

"సరే, జరుగు. నేనే వండుతాను," అన్నాడు మాస్టారు.

అక్కాచెల్లెళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో మంచినీళ్లు కూడా తన చేత్తో ముంచుకోని మనిషి దుంపలు కడిగాడు, చెక్కు తీశాడు, ఉడకబెట్టి నీళ్లు వార్చాడు. నాలుగు ముక్కలు పళ్లెంలో వేసి, ఉప్పు చల్లి, తెచ్చి భార్య ముందు పెట్టాడు.

"మరి మీరు?"

"ముందు నువ్వు తిను. కష్టమంతా నీదే అన్నావుగా."

"అక్కా, నన్నోసారి గిల్లవే," అంది చెల్లెలు. "మా ఇంట్లో ఆయన చెయ్యి కడుక్కునేదాకా కూర మిగిలిందో లేదో కూడా నాకు తెలీదు. బావగారూ, నాకూ ఓ ముక్క."

"ఆగమ్మాయ్. ముందు మీ అక్క తిననీ."

ఆవిడ తింది. మెత్తగా ఉంది, కాస్త తియ్యగా కూడా ఉంది. మూడో ముక్క దగ్గర నాలుక చివర చీమ కుట్టినట్టయింది. తలెత్తి చూస్తే భర్త రెప్ప వెయ్యకుండా తన మొహమే చూస్తున్నాడు. పెళ్లయిన కొత్తలో కూడా అలా చూసిన గుర్తు లేదు.

"ఎలా ఉంది?"

"బాగుంది," అంది. చెల్లెలి ఎదుట ఇంత మురిపెం జరుగుతుంటే నాలుక సంగతి ఎత్తబుద్ధి కాలేదు. నాలుగో ముక్క కూడా తినేసింది.

మాస్టారు ఆవిణ్ణి ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టాడు. పావుగంటకోసారి వచ్చి ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. కళ్లు తిరగడం లేదుగా అన్నాడు. పక్కనే ముక్కాలిపీట వేసుకుని మణికట్టు పట్టుకున్నాడు.

"నేను కాసేపు అవతలికి వెళ్లనా బావగారూ?" అంది చెల్లెలు.

"నోర్ముయ్యవే," అంది అక్క, సిగ్గుపడుతూ. అప్పటికి పెదవులు తనవి కానట్టున్నాయి. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

గంట దాటాక ఫోను మోగితే ఆయన వరండాలోకి వెళ్లాడు. ఇంత చేసిన మనిషికి గ్లాసుడు నీళ్లయినా ఇద్దామని ఆవిడ లేచి వెనకే వెళ్లింది. కర్టెన్ దగ్గర కాళ్లు ఆగిపోయాయి.

"ఏ తీగో నాకూ తేలలేదయ్యా," అంటున్నాడాయన. అవతల ఉన్నది అదే తీగ నాటుకున్న స్నేహితుడు. "పుస్తకంలో రెండున్నాయి, ఆకూ ఒకటే, దుంపా ఒకటే. ఒకటి తినొచ్చు, రెండోది తినకూడదు. అందుకే ముందు మా ఆవిడకి పెట్టాను. గంటయింది, నాడి బాగానే ఉంది. గంటన్నర గడిస్తే భయం లేదు, నేనూ తింటాను. నువ్వూ మీ ఇంట్లో అలాగే కానీ."

ఆవిడ గ్లాసుతో వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది.

మాస్టారు వచ్చి గడియారం చూశాడు. మళ్లీ మణికట్టు పట్టుకుని అరగంట కదలకుండా కూర్చున్నాడు. "నిజం చెప్పు. ఏమీ లేదు కదా? నాలుక మీద కూడా?"

ఆవిడ మొద్దుబారిన నాలుకని కూడదీసుకుంది.

"ఏమీ లేదండీ. మీరన్నట్టు వెన్నే."

లేచి, గిన్నెలో మిగిలిందంతా ఆయన పళ్లెంలోకి వంచింది. మాస్టారు ఆవురావురుమంటూ నాలుగు ముక్కలు మింగి అయిదోది అందుకున్నాడు. చెల్లెలు కూడా చెయ్యి చాపింది.

అక్క ఆ చేతిని పట్టి ఆపింది.

"నువ్వాగవే. మీ బావగారిని గంటన్నర చూద్దాం."