మొదటి పేజీలో మంద

"జర నవ్వు అంజన్నా," అన్నాడు గిరి, సెల్‌ఫోన్ ఎదురుగా పట్టుకుని.

"సగం మంద నోట్లె నురుగు కక్కుతాంటే ఏం జూసి నవ్వాలె సారూ?"

"నవ్వకపోతే మా పేపర్ల పడదు. సర్కారిచ్చిన గొర్లాయె."

అంజన్న దొడ్డి దేవరకొండ పక్క పల్లెలో ఉంది. గొర్రెలకు రోగం తగిలింది. పశువుల దవాఖానలో మందు అయిపోయింది. నల్గొండలో ఉన్న జిల్లా పశువుల శాఖ పెద్దసారు పంపితే తప్ప రాదు. పేపర్లో మొదటి పేజీకెక్కితే ఆయన ఆగమేఘాల మీద పంపుతాడని దేవరకొండ డాక్టరే అంజన్న చెవిలో వేశాడు. అందుకే అంజన్న విలేకరులకు కబురు పెట్టాడు.

గిరిది సర్కారును నెత్తిన మోసే పేపరు. మంజులతది సర్కారును లేచింది మొదలు తిట్టే పేపరు. రాతల్లో ఉప్పూ నిప్పూ. వచ్చింది మాత్రం ఇద్దరూ ఒకే బండి మీద, పెట్రోలు కలిసొస్తుందని.

గిరి మందలో వెతికి వెతికి, చెంగున ఎగిరే పిల్లనొకదాన్ని తెచ్చి అంజన్న భుజాన పెట్టాడు. అంజన్న మందు కోసం పళ్ళు బయట పెట్టాడు.

"లగ్గం నాడు గూడ గింత నవ్వలేదు మా ఆయన," అంది భార్య సత్తమ్మ. ఆమె గొంతులో వెటకారం లేదు, ఏడుపే ఉంది.

"ఇగ నా వంతు," అంది మంజులత. "గొంగడి ముసుగేసుకో పెద్దనాయినా. గా పండుకున్న గొర్ల నడుమ కూసొని నెత్తి కొట్టుకో."

"అవి సావలేదు బిడ్డా. బీమారొచ్చి పండుకున్నయి."

"ఫొటోల ఎవలకు ఎర్కైతది?"

అంజన్నకు ఒళ్ళు మండింది. అయినా గొంగడి కప్పుకున్నాడు, నెత్తీ కొట్టుకున్నాడు. లేచాక మాత్రం ఊరుకోలేకపోయాడు.

"మీ ఇద్దరికీ దండం పెడత. ఉన్నదున్నట్టు రాయుర్రి. సగం మంచిగున్నయి, సగం బీమారైనయి. జల్ది మందు పడితే అన్నీ బతుకుతయి. గంతే."

విలేకరులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళిద్దరికీ ఒక మాట మీద ఏకాభిప్రాయం కుదరడం అదే మొదలు.

"గది ఏ పేపర్ల గూడ పట్టదు అంజన్నా," అన్నాడు గిరి. మంజులత తలూపింది.

తెల్లారేసరికి మరికొన్ని గొర్రెలు మేత ముట్టడం మానేశాయి. అంజన్నకు కాలు ఒకచోట నిలవలేదు. మొదటి ఆటోలో దేవరకొండకు వచ్చి, బస్టాండులో రెండు పేపర్లూ కొని, బెంచీ మీద పరిచాడు.

రెండింట్లోనూ మొదటి పేజీలో తనే ఉన్నాడు. గిరి పేపర్లో గొర్రెపిల్లను మోస్తూ నవ్వుతున్నాడు. "గొర్రెల దొడ్లో పండగే పండగ" అని పైన రాశారు. ఒక్క జీవానికీ రోగం లేదట. మంజులత పేపర్లో గొంగడి ముసుగులో ఏడుస్తున్నాడు. "మంద మొత్తం మట్టిపాలు" అని రాశారు. ఒక్క జీవమూ మిగల్లేదట.

అంజన్న పేపర్లు రెండూ మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఏదేమైనా పడ్డది మొదటి పేజీలోనే కదా. రాతలు ఎట్లా ఏడిస్తేనేం, మందొస్తే చాలు అనుకుని దవాఖానకు ఉరికాడు.

డాక్టరు అప్పుడే ఫోన్ పెట్టేసి, తల పట్టుకుని కూర్చున్నాడు.

"సారూ, రెండు పేపర్లల్ల మొదటి పేజీల పడ్డ. మందు ఎప్పుడొస్తది?"

"పేపర్ల వస్తాందని నిన్ననే పెద్దసారును భయపెట్టిన అంజన్నా. పొద్దుగాల్నే మందు జీపుల పెట్టి పంపిండు. సగం తొవ్వ దాటింది గూడ."

అంజన్నకు ప్రాణం లేచొచ్చింది. "అయితే వస్తాందన్నట్టే గద?"

"గప్పుడే పేపర్లు ఆయన బల్ల మీదికొచ్చినయి. రెండూ సదివి జీపును వాపస్ పిలిచిండు."

"ఎందుకు సారూ? మీరు అసలు సంగతి జెప్పలేదా?"

"జెప్పిన. పేపరోళ్ళ కన్న నీకెక్కువ ఎర్కనా అన్నడు." డాక్టరు అంజన్న వైపు చూడలేక కిటికీ వైపు తిరిగాడు. "ఒకటేమో నీ గొర్లకు రోగమే లేదన్నది, ఇంకోటేమో నీకు గొర్లే లేవన్నది. ఇగ మందు ఎవలకని అడుగుతాండు."