మిగిలింది మీరిద్దరే

"నీళ్లు తర్వాత తాగుతం. ముందుగాల చెప్పుండ్రి, మీ ఇద్దరిల ఎవలు చెప్పిర్రు?"

గౌరవ్వ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్లుగా ఫోన్‌లో మాటలే తప్ప కనిపించని స్నేహితురాలు కోరుట్లకు వచ్చి, వాకిట్లో నిలబడి అడిగిన మొదటి మాట అది. పక్కన బాలమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె చేయి కూడా ఆగింది.

"ఏం చెప్పుడే శాంతా? కూసోరాదు ముందు. గీ పిల్లనేనా నీ బిడ్డ?" అంది గౌరవ్వ.

అఖిల నవ్వుతూ తల ఊపింది. పాత దోస్తులను చూపిస్తానని తల్లి పొద్దున్నే సిరిసిల్లలో బస్సెక్కించింది. అందుకే ఆ పిల్ల తన జీతంతో ఇద్దరికీ చెరొక చీర కొని సంచిలో పెట్టుకుని వచ్చింది.

శాంత కూర్చోలేదు.

"దీనికి జగిత్యాల సంబంధం ఖాయమైంది. పిలగాడు సునీల్, మంచి నౌకరి. మొన్న వాళ్లమ్మ ఫోన్ చేసి ఏమన్నదో ఎర్కేనా? తల్లి మొదటి మొగన్ని ఇడిసిపెట్టి ఉరికచ్చిందట గదా, గసొంటి ఇంటి పిల్ల మాకద్దు అన్నది."

అఖిల ముఖంలో నవ్వు పోయింది. పెళ్లి తప్పిపోయిందని ఆమెకు తెలుసు. సునీల్ వారం నుంచి ఫోన్ ఎత్తడం లేదు. జాతకాలు కలవలేదట అని మాత్రమే చెప్పింది తల్లి.

"అమ్మా..."

"నువ్వాగు."

బాలమ్మ గొంతు తగ్గించింది. "మేమెందుకు చెప్తమే? మాకేం పని?"

"బొంబాయి దిక్కు భీవండిల అయిన పెండ్లి అది. ఈడ ఎవ్వలకూ తెల్వది. తెల్సినోళ్లల్ల మా అవ్వ, నాయిన పోయిర్రు. మా ఆయనకు నేనే చెప్పిన, ఆయన సుత పోయిండు. మిగిలింది మీరిద్దరే."

గౌరవ్వ చెంబు కింద పెట్టింది. "నా కొడుకు మీద ఒట్టు, నేను నోరు తెరవలే."

ఒట్టు వేసి ఆమె ఊరుకుంటే బాగుండేది. కానీ ఆమె చూపు ఒక్క క్షణం బాలమ్మ మీదికి పోయింది.

"నా దిక్కు చూస్తవేందే?" బాలమ్మ గొంతు లేచింది.

"నేనేమన్న? నీ ఆడిబిడ్డ జగిత్యాలల్నే ఉంటది గదా, మాటల్ల మాట జారిందేమో అని..."

"జారిందా? ముప్పై ఏండ్ల సంది నీ పక్కన కూసుండి బీడీలు చేస్తున్న. నీ ఇంట్ల ఏం పుట్టిందో ఏం గిట్టిందో అన్నీ ఎర్కే నాకు. ఒక్క మాటన్న బయటపడ్డదా?"

"మరి నేనూ చెప్పక, నువ్వూ చెప్పక ఎట్ల తెలిసిందే వాళ్లకు?"

"గది నువ్వే చెప్పాలె!"

అఖిల తల్లి చేయి పట్టుకుంది. "అమ్మా, పోదాం పా. ఒక్క మాట చెప్త, బయటికి రా."

"ఇయ్యాల తేలాలె," అని చేయి విడిపించుకుంది శాంత. "నా బిడ్డ బతుకు ఆగం జేసింది ఎవలో తెల్వకుండ నేను కదల."

బాలమ్మ విసురుగా లేచింది. చాటలోని తంబాకు వాకిలంతా చిందింది. ఆకు కట్టను, కత్తెరను కొంగులో వేసుకుంది. "ఇగ మా ఇంట్లనే చేసుకుంట. నీ వాకిట్లకు మళ్ల అస్తే అడుగు గౌరీ," అని ఇటు తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

గౌరవ్వ పిలవలేదు. కింద పడిన తంబాకును చేత్తో దగ్గరికి తోస్తూ కూర్చుంది. తర్వాత శాంత వైపు తలెత్తింది.

"ఒళ్లంత వాతలతోటి నువ్వు భీవండి నుంచి అస్తే, పది రోజులు మా అర్రల దాపెట్టుకున్న. ఎవలను దాసినవే అని మా మామ నన్ను కట్టెతోటి కొట్టిండు. గప్పుడే చెప్పలే. ఇప్పుడు చెప్తనా?"

శాంత నమ్మినట్టు కనిపించలేదు.

గౌరవ్వ లేచి, అఖిల అరుగు మీద పెట్టిన చీరల సంచిని తెచ్చి ఆ పిల్ల చేతికే ఇచ్చింది. "తీస్కపో బిడ్డా. మీ అమ్మకు చెప్పు, ఇగ ఫోన్ సుత చెయ్యద్దని."

తలుపు మూసుకుంది.

వేములవాడ బస్సులో ఇద్దరికీ వెనక సీటు దొరికింది. ముందంతా గుండ్లు చేయించుకోవడానికి పోతున్న పిల్లలు, వాళ్ల తల్లుల గోల. శాంత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కథలాపూర్ దాటాక తన ఫోన్ తీసి కూతురి ఒళ్లో పెట్టింది.

"వాళ్లిద్దరి నంబర్లు తీసెయ్యి. నాకు తీసుడు రాదు."

అఖిల ఫోన్ ముట్టుకోలేదు. చున్నీతో కళ్లు ఒత్తుకుంది.

"ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా? గసొంటోళ్ల కోసమా? నీ మీద చెయ్యేసి చెప్తున్న, దోస్తులనేటోళ్లు..."

"నాయిన దవాఖానల ఉన్నప్పుడు నీ భీవండి సంగతంత నాకు చెప్పి, మీ అమ్మ అసొంటి ధైర్యం నీకు సుత రావాలె అన్నడమ్మా. మీ అమ్మ ఎసొంటిదని సునీల్ అడిగితే, గొప్పగ నేనే చెప్పిన."